ఆరో ఊరు

చైత్ర ఆ నోటీసును బల్ల మీద కొట్టిన తీరుకు కలైవాణి చేతిలో కాఫీ గ్లాసు తొణికింది.

"చదవండి మేడం. నన్ను దొంగ అని టైపు కొట్టించి, సీలు వేసి పంపించినారు."

ఇరవైనాలుగేళ్ల పిల్ల. కళ్లు ఎర్రగా ఉన్నాయి. ఏడ్చిన ఎరుపా, నిద్ర లేని ఎరుపా కలైవాణికి తెలియలేదు. హోసూరు బస్టాండుకు ఎదురుగా, మందుల షాపు పైన ఉన్న ఆ మేడగదికి వచ్చేవాళ్లు మామూలుగా గొంతు తగ్గించి మాట్లాడతారు. పెళ్లికొడుకు సంపాదన నిజమేనా, ఫ్యాక్టరీ స్టోరులో సరుకు ఎవరు దాటిస్తున్నారు, అటువంటి సంగతులు. మెట్లెక్కి వచ్చి బల్ల కొట్టింది మాత్రం ఈ పిల్లే.

ప్రతిభ నోటీసు నిదానంగా చదివింది. యాభై ఏళ్ల మనిషి. కృష్ణగిరి కోర్టులో ఇరవై రెండేళ్లు నకళ్ల గుమస్తాగా పనిచేసి, ముందే రిటైరయి, ఈ ప్రైవేటు విచారణల ఆఫీసు పెట్టుకుంది. దస్తావేజు చేతికిస్తే అది ఏ కాగితం చూసి రాసిందో చెప్పగలదు. "ఒప్పును చూసి రాసినవాణ్ణి పట్టుకోలేం వాణీ. తప్పును చూసి రాసినవాడే దొరుకుతాడు" అనేది. గడియారాల ఫ్యాక్టరీలో తొమ్మిదేళ్లు చేసి, సహాయకురాలిగా ఇక్కడ చేరిన కలైవాణికి ఆమె మాట వేదవాక్కు. ఇంట్లో మొగుడు చెప్పిన మాట కూడా ఒక్కోసారి ఆమెతో సరిచూసుకునేది.

"కూర్చోమ్మా. మొదటి నుంచి చెప్పు" అంది ప్రతిభ.

చైత్ర చెప్పింది. కృష్ణగిరిలో ఒక కాలేజీలో తెలుగు ఎం.ఫిల్. చేస్తోంది. అంచెట్టి పక్క కొండపల్లెల్లో ఆడవాళ్లు రాగులు విసురుతూ పాడే పాటల మీద సిద్ధాంత వ్యాసం. 1997 జూన్‌లో అక్కడికి పోయి, మారియమ్మ అనే ముసలామె ఇంట్లో రెండు రోజులుండి, పాటలన్నీ నోటుబుక్కులో రాసుకుంది. టేపు రికార్డరు లేదు. సెప్టెంబరులో ఆ నోటుబుక్కు, మొదటి ముసాయిదా గైడు కోదండరామయ్యగారికి ఇచ్చింది. ఆయన పది రోజులు పెట్టుకుని తిరిగి ఇచ్చాడు. ఈ జూన్‌లో వ్యాసం సమర్పించింది. సమర్పించిన మూడో వారానికి ఈ నోటీసు. అదే కాలేజీ లెక్చరరు ధనశేఖర్ మార్చిలోనే ఒక సదస్సు సంచికలో అచ్చు వేయించిన వ్యాసాన్ని చైత్ర పేరాలకు పేరాలు ఎత్తి రాసిందట. శుక్రవారం విచారణ. నేరం రుజువైతే డిగ్రీ రద్దు, మళ్లీ ఏ యూనివర్సిటీలోనూ చేరడానికి లేదు, పేరు నోటీసు బోర్డులో.

"నాది చూసి ఆయన రాసినాడు మేడం. ఆయనది అచ్చులో ముందొచ్చింది. ఇప్పుడు నేను దొంగ."

"టైపు చేసింది ఎవరు?"

"ఈ బస్టాండు పక్కనే, రాజప్ప. వాని మీదే నాకు అనుమానం."

"ఎప్పుడు ఇచ్చినావు?"

"ఏప్రిల్‌లో."

"సంచిక అచ్చయింది మార్చిలో. రాజప్పను వదిలిపెట్టు. ఇంకెవరు చూసినారు?"

"సార్ ఒక్కరే. సార్ అట్లాంటోరు కాదు. ఫుట్‌నోట్ అంటే ఏమో నాకు చేయిపట్టి నేర్పించిందే ఆయన. ఒకరి మాట తెచ్చి రాస్తే నాలుగు చెప్పాల అనేవారు. ఎవరు, యాడ, ఎప్పుడు, ఎన్నో పేజీ. మాట తప్పున్నా దిద్దకూడదు, ఉన్నది ఉన్నట్లే పెట్టాల, అర్థం కాకుంటే కాలేదని కింద రాయాల అనేవారు."

ప్రతిభ రెండు ప్రతులూ పక్కపక్కన పెట్టుకుంది. పాట రెండింటిలోనూ ఒకటే. అత్తగారింట్లో రాగులు విసిరే కోడలు, తనను పిలుచుకుపోవడానికి వస్తున్న అన్న ఒక్కో ఊరూ దాటడం లెక్క పెట్టుకుంటుంది. రాయకోట, కెళమంగలం, డెంకణికోట, ఇలా ఐదు ఊళ్లు. ఆ తర్వాత:

*ఆరోది గురుబరపల్లి, అడుగు తడవకుండ వస్తాడు.*

చైత్ర ఆ పాదం కింద ఫుట్‌నోట్ పెట్టింది. 'గాయని మారియమ్మ, అంచెట్టి, 14-6-1997. రాయకోట నుంచి అంచెట్టికి వచ్చే దారిలో గురుబరపల్లి లేదు. అది కృష్ణగిరి పక్క ఊరు. ఈ పాదం నాకు అర్థం కాలేదు. ఆమె పాడినట్లే ఉంచాను.'

ధనశేఖర్ వ్యాసంలో ఆ పాదం మీద ఒకటిన్నర పేజీ ఉంది. గురుబరపల్లి నుంచి కావేరి దాకా వెనకటి కాలంలో ఒక వాణిజ్య మార్గం ఉండేదనడానికి ఈ పాటే ఆధారమట. సంచిక ముందుమాటలో దాన్ని 'సంచలనాత్మకమైన కనుగోలు' అన్నారు. గాయని పేరుండాల్సిన చోట 'ఒక వృద్ధురాలు, 1989 జనవరి' అని ఉంది.

"నోటుబుక్కు చూపించమ్మా."

నోటుబుక్కులో ఆ పాదం పక్కన, మార్జిన్‌లో, సన్నని పెన్సిలు రాత: 'వాణిజ్య మార్గమా?'

"ఇది ఎవరి రాత?"

"సార్‌ది. ఆధారం లేదు సార్, నేను రాయలేను అన్నాను. సరే నీ ఇష్టం అన్నారు."

"ఆ ముసలామె ఇంటికి ఏం పట్టుకపోయినావు?"

చైత్ర బిత్తరపోయింది. ఆ ప్రశ్న ఎందుకో కలైవాణికీ అర్థం కాలేదు. ప్రతిభ అడిగేవాటిలో సగం ఇట్లాంటివే.

"ఒట్టి చేతులతో పోకూడదని మామిడికాయలు. మా అత్త తోటవి. ఒక సంచి. ఆమె ఏం తీపి ఏం తీపి అని, యాడి కాయలు, ఎవరి తోట అని అన్నీ అడిగింది. పాటలు పాడింది మరుసటి రోజు."

"మీ అత్తది ఏ ఊరు?"

"గురుబరపల్లి" అని, చైత్ర తనే ఆగింది. "అయితే ఏమి మేడం? పాటలు ఆమె పుట్టకముందువి కదా."

"అదే నేనూ అనుకుంటా ఉండాను" అంది ప్రతిభ.

* * *

మంగళవారం ఇద్దరూ కృష్ణగిరి పోయారు.

కోదండరామయ్య ఇంట్లో ఉన్నాడు. తెల్లని పంచె, చెవి వెనక పెన్సిలు, ఎదురుగా దిద్దుతున్న పేపర్లు. మర్యాదగా కూర్చోబెట్టాడు. ఆయన భార్య మజ్జిగ తెచ్చి ఇచ్చింది. మనుషులు మంచివాళ్లలాగానే ఉన్నారు. అందుకే కలైవాణికి ఆయన జవాబు వినగానే ఒళ్లు మండింది.

"ఆ పాప ముసాయిదా నాకిచ్చిందని అంటా ఉండాది. ఇచ్చిందేమో. నాకు జ్ఞాపకం లేదమ్మా. ఏడాదికి పది మంది పిల్లోళ్లు ఇస్తారు."

"పది రోజులు మీ ఇంట్లో ఉండిందంటండీ."

"ఉండి ఉండొచ్చు. నేను చదవలేదు."

"ఆ మాటే రాసి ఇస్తారా? శుక్రవారం ప్రిన్సిపాలు ముందర పెట్టడానికి."

ఆయన ఒక్క క్షణం ఆలోచించాడు. తర్వాత చెవి వెనక పెన్సిలు తీసి, తెల్లకాగితం మీద నాలుగు వరుసలు రాసి సంతకం పెట్టాడు. ఎంతో పొందికైన రాత. ప్రతిభ ఆ కాగితాన్ని రెండు మడతలు పెట్టి సంచిలో వేసుకుంది.

"మీ రిటైర్మెంటు ఎప్పుడండీ?" లేస్తూ అడిగింది.

"అయిపోయింది, మే నెలలో. మేనేజిమెంటు వాళ్లు రెండేళ్లు పొడిగించినారు."

కాలేజీలో ధనశేఖర్ తన గదిలో ఉన్నాడు. ముప్పై ఎనిమిదేళ్లు, ఇస్త్రీ చొక్కా, మద్రాసు చదువు. కాలేజీ సెక్రటరీ ఇంటి అల్లుడని గుమ్మం దగ్గర ప్యూనే చెప్పాడు.

"అడగండి మేడం. దాచడానికి నా దగ్గర ఏమీ లేదు."

"1989 జనవరిలో అంచెట్టి పోయినారు. ఒక్కరేనా?"

"ఒక్కణ్ణే. మద్రాసు నుంచి నేరుగా."

"ఆ అవ్వకు ఏమైనా పట్టుకపోయినారా?"

"పరిశోధనకు పోయేవాడు పలహారాలు పట్టుకుపోడు."

"అప్పటి నోటుబుక్కు?"

"ఇల్లు మారినప్పుడు పోయింది."

"ఆ ఆరో ఊరు, గురుబరపల్లి. ఆమె నోట మీరు విన్నదేనా, ఆ తర్వాత ఏమైనా దిద్దినారా?"

"నా చెవులతో విన్నాను. అక్షరం మార్చలేదు. నా సిద్ధాంతమంతా ఆ పాదం మీదే నిలబడింది."

"ఆమె పేరు రాయలేదే?"

ధనశేఖర్ నవ్వాడు. "జానపదానికి పేరెందుకు మేడం? అది ప్రజల సొత్తు. కర్త ఉండడు."

"వ్యాసానికి మాత్రం ఉంటాడు" అంది కలైవాణి. ఆఫీసు మర్యాద ప్రకారం విచారణలో ఆమె నోరు విప్పకూడదు. ప్రతిభ ఆమెవైపు చూసింది కానీ వద్దనలేదు.

తిరుగు బస్సులో కలైవాణి కోపం ఇంకా దిగలేదు. పదహారేళ్లుగా అత్తగారింట్లో తను పెట్టే ఊరగాయ, ఊరందరి నోట్లో ఆడబిడ్డ ఊరగాయగానే తిరుగుతోంది. ఒకసారి అడిగితే "ఎవరు పెడితే ఏమే, తినేది అందరం కదా" అంది అత్త. ప్రజల సొత్తు అన్న మాటకు, ఈ మాటకు పెద్ద తేడా ఆమెకు కనబడలేదు.

* * *

బుధవారం డెంకణికోట మీదుగా అంచెట్టికి పొద్దుటి బస్సు పట్టుకున్నారు. బయలుదేరేముందు "ఒట్టి చేతులతో పోకూడదు" అంది ప్రతిభ. కలైవాణి ఇంట్లో అక్క పంపిన బెల్లం ఉంటే ఒక అచ్చు పొట్లం కట్టుకుంది.

బస్సు దిగి అరగంట నడిస్తే మారియమ్మ ఇల్లు. డెబ్బై దాటిన మనిషి. నడుము వంగింది కానీ నోరు వంగలేదు.

"మామిడికాయల పాప పంపించిందా? ఎట్లుండాది? పెండ్లయిందా?"

"కాలేదవ్వా. చదువుకుంటా ఉండాది."

"ఇంకా చదువే? మా మేకకు కూడా ఈపాటికి రెండు ఈతలయినాయి."

బెల్లం అందుకుని వాసన చూసింది. "మంచి బెల్లం. యాడిది?"

"కృష్ణగిరి అవతల పోచంపల్లి సంతది అవ్వా. మా అక్క ఆడ ఉంటాది" అంది కలైవాణి.

అరుగు మీద విసుర్రాయి ఉంది. మాటల మధ్య కలైవాణి ఊరికే దాని పిడి పట్టుకుని తిప్పబోయింది. మారియమ్మ ఆమె చేతి మీద చిన్న దెబ్బ వేసింది.

"గింజ లేకుండా తిప్పొద్దు తల్లీ. ఒట్టి రాయి తిరిగితే ఇంటికి కీడు."

ప్రతిభ ఆ రాయిని, ఆ చేతిని చూసింది. తర్వాత ఆ అన్న పాట పాడమని అడిగింది. మారియమ్మ కాళ్లు చాపుకుని, గోడకు ఒరిగి పాడింది. గొంతు జీరగా ఉన్నా ఎక్కడా తడబడలేదు. చైత్ర నోటుబుక్కు ఒళ్లో పెట్టుకుని కలైవాణి పాదం పాదం సరిచూసుకుంటోంది. రాయకోట, కెళమంగలం, డెంకణికోట. అంతా సరే. అప్పుడు మారియమ్మ పాడింది:

*ఆరోది పోచంపల్లి, అడుగు తడవకుండ వస్తాడు.*

కలైవాణి వేలు నోటుబుక్కు మీద ఆగింది. గురుబరపల్లి ఎక్కడ, పోచంపల్లి ఎక్కడ. ఇంత నిలకడ లేని ముసలామెను నమ్ముకునా చైత్ర తన బతుకు కాగితం మీద పెట్టింది? శుక్రవారం ఈమె ఇట్లా పాడితే ధనశేఖర్ నవ్వి లేచి పోతాడు.

"అవ్వా, పోయినేడు ఆ పాపకు గురుబరపల్లి అని కదా పాడినావు?"

"ఆ పాపకు అది. నీకు ఇది" అంది మారియమ్మ.

"అట్లెట్లా అవుతుంది?"

"వాణీ" అంది ప్రతిభ, "మధ్యాహ్నం బస్సు ఒక్కటే. నువ్వు ముందు పోయి దాన్ని నిలుపు."

బస్సు నిలపడానికి కలైవాణి డ్రైవరుతో, కండక్టరుతో, ఒక ఆవుల మందతో కూడా పోట్లాడవలసి వచ్చింది. ప్రతిభ తీరిగ్గా వచ్చి కిటికీ పక్కన కూర్చుంది.

"అక్కా, పోయింది కదా మన కేసు?"

"పోతే టికెట్టు ఎందుకు తీసుకుంటాను? అవ్వ గురువారం సాయంత్రం బస్సుకొచ్చి మన దగ్గరే ఉంటుంది. నువ్వు ఆ కాలేజీ హాస్టలు వంటింట్లో విసుర్రాయి ఉందేమో కనుక్కో. ఒక శేరు రాగులు కూడా కావాల."

* * *

శుక్రవారం పదకొండింటికి విచారణ. ప్రతిభ ఆఫీసులో కాగితాలు చూపించడానికి ముందే లోపలికి పోయింది. కలైవాణి, మారియమ్మ వరండాలో ఉన్నారు. ప్రిన్సిపాలు వెంకటరమణప్ప తన గదిలోకి పోతూ, నేల మీద కూర్చున్న ముసలామెను చూసి ఆగాడు. లావుపాటి మనిషి. పేరుకు కోపిష్టి.

"ఏమమ్మా, ఎండలో వచ్చినట్టుండావు. నీళ్లు తాగినావా?" ప్యూనును పిలిచి కుర్చీ వేయించాడు. తన క్యారియరులోంచి మజ్జిగ గ్లాసులో పోసి తనే ఇచ్చాడు.

"చిక్కగా ఉండాది నాయనా. సీమావుదా?"

"మా ఇంటి ఆవుది. బేరికె నుంచి వస్తుంది. మా ఊరు."

గదిలో ప్రిన్సిపాలుకు కుడివైపు ధనశేఖర్, ఎడమవైపు కోదండరామయ్య కూర్చున్నారు. ఎదురుగా ఒక్క కుర్చీ, చైత్రకు. విచారణ సంఘంలో కోదండరామయ్య కూడా సభ్యుడే. ఆ సంగతి అప్పుడే తెలిసి చైత్ర ముఖం పాలిపోయింది. తలుపు దగ్గర వరండా కుర్చీలోనే మారియమ్మ; ఆమె ముందర, కలైవాణీ ప్యూనూ కలిసి మోసుకొచ్చిన విసుర్రాయి.

"ఇదేమి, పెండ్లా?" అన్నాడు ప్రిన్సిపాలు.

"పది నిమిషాలు ఓర్చుకోండి సార్" అంది ప్రతిభ. "ధనశేఖర్‌గారూ, మంగళవారం మీరు నాకు చెప్పింది ఇంకోసారి చెప్తారా? గురుబరపల్లి అన్న మాట మీరు ఆ వృద్ధురాలి నోట విన్నారు. అక్షరం మార్చలేదు. ఆమెకు ఏమీ పట్టుకపోలేదు. మద్రాసు నుంచి నేరుగా పోయినారు."

"అవును. అందులో తప్పేముంది?"

"తప్పు పాటలో ఉండాది. అవ్వా, ఆ అన్న పాట పాడు."

మారియమ్మ కూర్చున్నచోటే పాడింది. ధనశేఖర్ గడియారం చూసుకుంటున్నాడు. ఐదు ఊళ్లు దాటాయి.

*ఆరోది బేరికె, అడుగు తడవకుండ వస్తాడు.*

ప్రిన్సిపాలు చేతిలో పెన్ను ఆగింది. "ఏమన్నావమ్మా?"

"బేరికె, నాయనా. నువ్విచ్చిన మజ్జిగది కదా."

ధనశేఖర్ నవ్వాడు. "చూశారా సార్. ఈమె నోటికొచ్చింది పాడుతుంది. ఇటువంటి సాక్ష్యమా?"

"నోటికొచ్చింది కాదు" అంది ప్రతిభ. ఆమె గొంతు పెరగలేదు. మూడేళ్లుగా చూస్తున్న కలైవాణికి మాత్రం ఆమె కణత మీద నరం కనబడింది. "ఇది విసురు పాట. రాతిలో గింజ ఉన్నప్పుడు పాడేది. ఒట్టి రాయి తిప్పితే ఎట్లా కీడో, గింజ లేకుండా పాట నిండుగా పాడినా అట్లే కీడు అని ఆ పల్లెల్లో నమ్మకం, మొన్న అవ్వే చెప్పింది. అడిగినవాళ్లను కాదనలేరు. అందుకని ఒక తప్పు పెట్టి పాడతారు. ఎవరిచ్చింది పుచ్చుకుంటే ఆ తప్పు వాళ్లది. వాళ్లు తెచ్చిన వస్తువు ఏ ఊరిదో ఆ ఊరి పేరు ఆరోదిగా పెడుతుంది మారియమ్మ. మొన్న వాణి పోచంపల్లి బెల్లం ఇచ్చింది. పోచంపల్లి అని పాడింది. ఈ రోజు మీరు మజ్జిగ ఇచ్చినారు సార్. అప్పుడు నేను ఆఫీసులో ఉన్నాను. మీకూ ఆమెకూ మధ్య నడిచిన మాట నాకు తెలియదు. ఎవరూ నేర్పించింది కాదు."

ప్రిన్సిపాలు పెన్ను కింద పెట్టాడు. బేరికె పేరు తను తప్ప ఎవరూ చెప్పలేదని ఆయనకంటే బాగా ఎవరికి తెలుసు?

కలైవాణి రాగులు తెచ్చి రాతిలో పోసింది. మారియమ్మ కుర్చీ దిగి నేల మీద కూర్చుని పిడి పట్టుకుంది. రాయి గరగర తిరిగింది. అదే పాట, ఈసారి రాయి బరువు మీద ఊగుతూ వచ్చింది.

*ఆరోది ఏనుగులరేవు, అడుగు తడవకుండ వస్తాడు.*

"ఏనుగులరేవు మా కొండ కిందిదే" అంది మారియమ్మ. "ఆ రేవు దాటితే మా ఊరు. తడవకుండా వచ్చేది అందుకే. గురుబరపల్లిలో యాడ తడుస్తాడు?"

చైత్ర కుర్చీ అంచుకు జరిగింది. ఏడాదిగా తనకు అర్థం కాని పాదం అది.

"పోయినేడు జూన్‌లో ఈ పాప గురుబరపల్లి మామిడికాయలు పట్టుకపోయింది" అంది ప్రతిభ. "కాబట్టి గురుబరపల్లి అన్నది చైత్ర కోసం, చైత్రకు మాత్రమే పెట్టిన తప్పు. ఆ తప్పు లోకంలో ఒక్క నోటుబుక్కులోనే పుట్టింది. ఈ పాప అర్థం కాలేదని రాసి, ఉన్నది ఉన్నట్టు పెట్టింది. ధనశేఖర్‌గారు దాని మీద దారి వేసి, కావేరి దాకా వ్యాపారం నడిపించినారు. జనవరిలో, ఒట్టి చేతులతో, మద్రాసు నుంచి పోయినాయనకు గురుబరపల్లి ఎట్లా వినబడింది సార్?"

"ఇది అన్యాయం" ధనశేఖర్ లేచాడు. "ఒక చదువురాని ముసలామె మాట మీద—"

"కూర్చోవయ్యా" అన్నాడు ప్రిన్సిపాలు. "చదువు వచ్చినోళ్ల మాట ఇంతసేపూ విన్నాం కదా."

ధనశేఖర్ కూర్చున్నాడు.

"ఇంకొకటి మిగిలింది" అంది ప్రతిభ. "నోటుబుక్కు ఆయన చేతికి ఎట్లా పోయింది? ధనశేఖర్‌గారి వ్యాసంలో ఉన్న 'వాణిజ్య మార్గం' అనే మాట చైత్ర వ్యాసంలో లేదు. టైపులోనూ లేదు. నోటుబుక్కు మార్జిన్‌లో పెన్సిలుతో ఉండాది. దాన్ని చూసినవాడే అది రాయగలడు." సంచిలోంచి మంగళవారం నాటి కాగితం తీసి నోటుబుక్కు పక్కన పరిచింది. "ముసాయిదా నేను చదవలేదని రాసిచ్చిన చెయ్యి, మార్జిన్‌లో రాసిన చెయ్యి ఒకటే. 'ణ' కింద ఆ తోక చూడండి. ఇరవై రెండేళ్లు నకళ్లు రాసినాను సార్. కావాలంటే ప్రమాణం చేస్తాను."

అక్కర లేకపోయింది. కోదండరామయ్య తల వంచుకుని ఉన్నాడు.

"నా పొడిగింపు ధనశేఖర్ మామ చేతిలో ఉండాది" అన్నాడు. "ప్రమోషనుకు ఒక వ్యాసం కావాలన్నాడు. చూసి ఇస్తానంటే ఇచ్చినాను. చైత్ర పేరు వేస్తాడనుకున్నాను."

"వేయలేదని మార్చిలోనే చూసినారు కదా సార్" అంది చైత్ర. ఆమె గొంతు వణుకుతోంది. ఆ వణుకు ఏడుపుది కాదని కలైవాణికి ఈసారి స్పష్టంగా తెలిసింది. "చూసి ఊరకున్నారు. నాకు నోటీసు వచ్చినప్పుడూ ఊరకున్నారు. ఈ పొద్దు నన్ను దొంగ అని సంతకం పెట్టడానికి కూడా వచ్చి కూర్చున్నారు. ఎవరు, యాడ, ఎప్పుడు, ఎన్నో పేజీ. ఒక్క కామా తప్పితే రాత్రంతా మళ్లీ రాయించేవారే నాతో. ఆ నాలుగు నాకు మాత్రమేనా సార్?"

"అమ్మా, నా ఇంటి పరిస్థితి—"

"మా ఇంట్లోనూ ఉండాది పరిస్థితి."

ఆయన మళ్లీ తల ఎత్తలేదు. కలైవాణికి జాలి రావలసిన చోటు అది. రాలేదు.

ప్రిన్సిపాలు నోటీసును అడ్డంగా చించాడు. చైత్ర వ్యాసం ఉన్నదున్నట్టు యూనివర్సిటీకి పోతుందన్నాడు. మిగిలిన ఇద్దరి సంగతి మేనేజిమెంటుకు తనే రాస్తానని, సెక్రటరీ అల్లుడైనా సరే రాస్తానని అన్నాడు. తర్వాత సంచిక రెండు వందల ప్రతులలోనూ అంటించే సవరణ చీటీ కోసం కాగితం తీసుకుని, రాస్తూ చదివాడు.

"'ఈ సంచికలో నలభై మూడో పేజీ నుంచి యాభై ఎనిమిదో పేజీ దాకా ఉన్న వ్యాసంలోని పాటలు, వివరణలు కుమారి చైత్ర సేకరించి రాసినవి. పొరపాటున శ్రీ ధనశేఖర్ పేరుతో అచ్చయినవి.' సరిపోయిందా?"

"పొరపాటున అన్న మాట కొట్టేయండి సార్" అంది చైత్ర.

"కాలేజీ మర్యాద కూడా చూడాల కదమ్మా."

"నన్ను దొంగ అని రాసినప్పుడు కాలేజీ మర్యాద యాడికీ పోలేదు. నా నోటీసులో పొరపాటున అని లేదు. వెతికి చూసినాను."

ప్రిన్సిపాలు ప్రతిభవైపు చూశాడు. ఆమె కిటికీలోంచి బయటికి చూస్తోంది, సాయం చేసే ఉద్దేశమున్నట్టు కనబడలేదు. ఆయన పెన్ను తీసి ఆ మాట మీద గీత గీశాడు. దాని పైన 'ఆమె అనుమతి లేకుండా తీసుకుని' అని రాశాడు. చైత్ర చదివి తల ఊపింది.

"పాడినామె పేరు కూడా సార్. మారియమ్మ, అంచెట్టి."

"రాస్తాను."

నేల మీద పిండి ఎత్తుకుంటున్న మారియమ్మ చెయ్యి ఆపింది. "నా పేరెందుకు? పాట నాదా?"

అందరూ ఆమెవైపు తిరిగారు.

"మా మేనత్త చిక్కమ్మది. నేను పెండ్లయి వచ్చినప్పుడు నన్ను ఇట్లాంటి రాయి ముందర కూర్చోబెట్టి నేర్పించింది. నలభై ఏండ్లయింది ఆమె పోయి." కొంగుతో చేతులు తుడుచుకుని చైత్రను నిలువునా చూసింది. "రెండు రోజులు నా ఇంట్లో తిన్నావు, నా మొగుని పేరు అడిగినావు, నా వయసు అడిగినావు. ఎవరు నేర్పించినారవ్వా అని ఒక్క మాట అడిగినావా?"

చైత్ర ముఖం ఎర్రబడింది. ఇంతసేపూ గదిలో ముగ్గురు మగవాళ్ల ముందు వంగని తల వంగింది.

"అడగలేదు అవ్వా."

"మరి?"

చైత్ర కుర్చీలోంచి లేచి వచ్చి, పిండి పడిన నేల మీద ఆమె ఎదుట కూర్చుంది. నోటుబుక్కు తెరిచి, పెన్ను మూత తీసింది.

"చెప్పవ్వా. చిక్కమ్మ. ఏ ఊరు?"